సినిమాను సముద్రం దాటించే రెండు వరుసలు

98 సెకన్లలో 932 టికెట్లు. 2023 జనవరి 9న లాస్‌ఏంజెలెస్‌లోని చైనీస్ థియేటర్‌లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఐమాక్స్ షోకు బుకింగ్ తెరిస్తే, సీట్లన్నీ అయిపోవడానికి పట్టిన సమయం అది. అప్పటికి సినిమా విడుదలై తొమ్మిది నెలలు దాటింది. ఏడు నెలలుగా నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లయినా చూడగలిగిన సినిమాకు అమెరికావాళ్లు మళ్లీ డబ్బు పెట్టి హాలుకొచ్చారు. ఓటీటీలో వచ్చేశాక థియేటర్‌కు ఎవరొస్తారని మన ఎగ్జిబిటర్లు అడిగే ప్రశ్నకు ఇంతకంటే గట్టి సమాధానం నాకు కనిపించలేదు.

ఈ కథ క్రమం చూస్తేనే వింత అర్థమవుతుంది. 2022 మార్చి 25న సినిమా విడుదలైంది. అమెరికాలో మొదటి వారం చూసినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. మే 20న హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ వెర్షన్లు అదే రోజు జీ5లోకి వెళ్లాయి. జూన్ 1న వేరియన్స్ ఫిలిమ్స్ అనే చిన్న డిస్ట్రిబ్యూషన్ సంస్థ అమెరికాలో సుమారు వంద హాళ్లలో ఒక్క రాత్రి కోసం సినిమాను మళ్లీ వేసింది. ఈసారి కొన్నవాళ్లలో భారతీయ సినిమా ఎన్నడూ చూడనివాళ్లు చాలామంది. కొందరు పాటకు లేచి తెర ముందుకొచ్చి గంతులేశారు. నెట్‌ఫ్లిక్స్ ఆంగ్లేతర సినిమాల టాప్ 10లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ వరుసగా 14 వారాలు నిలిచింది. తమ దగ్గర ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ఆదరణ పొందిన భారతీయ చిత్రం ఇదేనని జూన్‌లోనే ఆ సంస్థ ప్రకటించింది. అప్పటికే 4.5 కోట్ల గంటలు చూశారు.

ఇక అసలు వింత. ఆ కోట్ల గంటల్లో వినిపించింది మన భాష కాదు. హిందీ హక్కులు ఒకరి చేతికి, దక్షిణాది హక్కులు మరొకరి చేతికి వెళ్లడంతో నెట్‌ఫ్లిక్స్ చందాదారుడికి దక్కింది హిందీ ఆడియోనే. దానికి తోడు ఇంగ్లిష్, స్పానిష్, పోర్చుగీస్, కొరియన్, టర్కిష్ డబ్బింగులు. మన రామరాజు, మన భీమ్ ఇన్ని భాషల్లో మాట్లాడారు గానీ, అక్కడ తెలుగులో మాట్లాడలేదు. హిందీలో తమ గొంతు తామే ఇచ్చుకున్నారు కాబట్టి రామ్‌చరణ్, ఎన్టీఆర్ గొంతులైనా మిగిలాయి. లెక్క సరిపడింది మాత్రం 2023 మార్చి 12న. చైనీస్ థియేటర్ ఉన్న హాలీవుడ్ బులవార్డ్ మీదే, దాని పక్కనే ఉన్న డాల్బీ థియేటర్‌లో రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ‘నాటు నాటు’ను తెలుగులోనే పాడారు. కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నారు. భారతీయ సినిమా పాటకు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

వ్యూ అంటే ఏమిటి?

రికార్డుల మాట వచ్చింది కాబట్టి లెక్క ఎలా కడతారో ముందు చెప్పుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ మొదట్లో చూసిన గంటలు చెప్పేది. అలా చెబితే మూడు గంటల సినిమాకు లాభం, గంటన్నర సినిమాకు నష్టం. 2023 జూన్‌లో పద్ధతి మార్చింది. మొత్తం గంటలను సినిమా నిడివితో భాగిస్తే వచ్చేది వీక్షణల సంఖ్య. తొలి 28 రోజులకు బదులు తొలి 91 రోజులు లెక్కలోకి తీసుకుంది. అంటే ఇద్దరు చెరి సగం చూసి వదిలేసినా ఒక వీక్షణే. ఇంట్లో నలుగురు కలిసి చూసినా ఒకటే. ఆ కొత్త కొలతతో ‘ఆర్‌ఆర్‌ఆర్’ 4.5 కోట్ల గంటలు సుమారు కోటిన్నర వీక్షణలు అవుతాయి. ఇలాంటి అంకెలు పత్రికల్లో చూసినప్పుడు గంటలా, వీక్షణలా అన్నది చూడకుండా రెండు సినిమాలను పోల్చకూడదు.

ఆ కొలతలో ఆంగ్లేతర సినిమాల్లో అగ్రస్థానంలో కూర్చున్నది నార్వేజియన్ చిత్రం ‘ట్రోల్’. దర్శకుడు రోర్ ఉథాగ్. 2022 డిసెంబర్ 1న వచ్చింది. వాళ్ల జానపద కథల్లోని కొండ రాక్షసుడు సొరంగం తవ్వకంతో నిద్ర లేచి రాజధాని దారి పడతాడు, అంతే కథ. 91 రోజుల్లో 10.3 కోట్ల వీక్షణలు! నార్వే జనాభా అటూ ఇటుగా 55 లక్షలు. హాళ్లు పట్టుకుని దేశదేశాలూ తిరిగి ఉంటే ఆ సినిమా ఇందులో పదోవంతు జనాన్నయినా చేరేదని నేననుకోను. చిన్న భాషల సినిమాకు ఓటీటీ చేసిన మేలు ఇది.

అన్ని భాషలూ కలిపి చూస్తే రికార్డు ‘కేపాప్ డీమన్ హంటర్స్’ది. 2025 జూన్ 20న వచ్చిన ఈ యానిమేషన్ చిత్రం 23.09 కోట్ల వీక్షణలున్న ‘రెడ్ నోటీస్’ను దాటి, 30 కోట్లు మించిన తొలి నెట్‌ఫ్లిక్స్ సినిమా అయింది. కథ కొరియాది, తీసినవాళ్లు సోనీ యానిమేషన్‌వాళ్లు, సంభాషణలు ఇంగ్లిష్‌లో. ఆగస్టులో రెండు రోజులు ‘అందరూ పాడండి’ అంటూ హాళ్లలో వేస్తే, వాణిజ్య వర్గాల అంచనాల్లో ఆ వారాంతం అమెరికాలో మొదటి స్థానం దానిదే. ఇంట్లో చూసిన సినిమా జనాన్ని హాలుకు తోలుకొచ్చిన రెండో ఉదాహరణ ఇది.

యూట్యూబ్ లెక్క వేరు. అక్కడ ఒకప్పుడు కౌంటరే చాలని పరిస్థితి వచ్చింది. 2012 డిసెంబర్‌లో వంద కోట్ల వ్యూస్ చేరిన తొలి వీడియోగా నిలిచిన కొరియన్ పాట ‘గంగ్నమ్ స్టైల్’, రెండేళ్లకు 214,74,83,647 అనే సంఖ్యను దాటింది. యూట్యూబ్ అప్పటిదాకా వాడిన 32 బిట్ల కౌంటర్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య అదే. యూట్యూబ్ 64 బిట్లకు మారాల్సి వచ్చింది.

స్పానిష్ సినిమాకు స్పానిష్ సబ్‌టైటిల్స్

అల్ఫోన్సో క్వారోన్ 2018లో తీసిన ‘రోమా’ నలుపు తెలుపు చిత్రం. మెక్సికో నగరంలో ఓ ఇంట్లో పనిచేసే అమ్మాయి కథ. సంభాషణలు స్పానిష్‌లో, మిష్టెక్ అనే ఆదివాసీ భాషలో. ఆ పాత్ర వేసిన యలిట్జా అపరీసియోకు నటన కొత్త, మిష్టెక్ కూడా రాదు. పాత్ర కోసం నేర్చుకుని ఉత్తమ నటి నామినేషన్ దాకా వెళ్లింది. సినిమాకు పది నామినేషన్లు, మూడు ఆస్కార్లు దక్కాయి.

దీన్ని స్పెయిన్‌లో పెట్టినప్పుడు నెట్‌ఫ్లిక్స్ కింద స్పానిష్ సబ్‌టైటిల్స్ వేసింది. మెక్సికోవాళ్లు మాట్లాడే స్పానిష్‌ను స్పెయిన్‌వాళ్ల స్పానిష్‌లోకి మార్చి మరీ వేసింది! శ్రీకాకుళం మాటకు కింద గుంటూరు మాట వేసినట్టు. 2019 జనవరిలో క్వారోన్ బహిరంగంగానే మండిపడ్డాడు. ప్రేక్షకుల్ని అవమానించడమేనన్నాడు. ఆ సబ్‌టైటిల్స్ తీసేశారు. దర్శకుడు చేసిన పని నూటికి నూరుపాళ్లు సరైనదని నా నమ్మకం. యాసను సరిచేస్తే మనిషి ఊరు పోతుంది.

రెండు వరుసల కొలత

సబ్‌టైటిల్ రాసేవాళ్లు ఎంత ఇరుకులో పనిచేస్తారో చాలామందికి తెలియదు. నెట్‌ఫ్లిక్స్ నియమాల ప్రకారం ఇంగ్లిష్‌లో ఒక వరుసకు 42 అక్షరాలు, ఖాళీలూ కామాలూ కలుపుకునే. తెరమీద రెండు వరుసలకు మించకూడదు. ఏ ముక్కా ఏడు సెకన్లకు మించి నిలవకూడదు. మరీ సెకనులో ఆరింట ఐదు వంతులు కూడా నిలవకుండా మాయమైపోకూడదు. పెద్దలు చదివే వేగం సెకనుకు 20 అక్షరాలు అనుకుంటారు. షాట్ మారే చోట వరుస కూడా వీలైనంతవరకు దానితోపాటే మారాలి. లేకపోతే కన్ను తడబడి చదివిందే మళ్లీ చదువుతుంది.

ఈ కొలతను మన సినిమా మీద పెట్టి చూడండి. ప్రాసలు, పంచ్‌లు గుప్పించే తెలుగు హీరో మూడు సెకన్లలో చెప్పే డైలాగ్‌కు ఇంగ్లిష్‌లో దక్కేది అరవై అక్షరాలు. అందులోనే వెటకారం ఉండాలి, చుట్టరికం తెలియాలి, తర్వాతి సీన్‌లో అదే మాట తిరిగి వస్తే గుర్తుపట్టాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట వదిలేయాలి. ఎవరిది వదలాలన్నది సబ్‌టైటిల్ రాసేవారి నిర్ణయం. ఆ క్షణంలో ఆ మనిషి సినిమాకు రెండో ఎడిటర్. అంత పనిచేసిన మనిషి పేరు ఆఖర్న ఒక్క వరుసలో వస్తే వస్తుంది. అప్పటికే ‘తర్వాతిది ఐదు సెకన్లలో’ అంటూ పక్కన గడియారం నడుస్తుంటుంది.

అందుకే రాసేవాళ్లు దొరకడం కష్టం. 2017లో నెట్‌ఫ్లిక్స్ ‘హెర్మిస్’ అనే ఆన్‌లైన్ పరీక్ష పెట్టి ప్రపంచంలో ఎవరైనా రాయొచ్చంది. అభ్యర్థులు వెల్లువెత్తారు. ఏడాది తిరిగేసరికి దాన్ని మూసేసి, ఆ పనిని మళ్లీ భాషా సంస్థలకే అప్పజెప్పింది. ‘స్క్విడ్ గేమ్’ సినిమా కాదు, సిరీస్. కానీ ఆ పని పరిమాణం తెలియడానికి చెబుతున్నా: 2021లో దానికి 31 భాషల్లో సబ్‌టైటిల్స్, 13 భాషల్లో డబ్బింగ్ చేశారు.

డబ్బు తీసుకోకుండా ఈ పని చేసినవాళ్లూ ఉన్నారు. కొరియన్ సీరియళ్లు ప్రపంచానికి ఇంకా పెద్దగా పట్టని రోజుల్లో, 2007లో మొదలైన ‘వికీ’ అనే వేదికలో అభిమానులే జట్లు కట్టి ఎపిసోడ్‌ను ముక్కలుగా పంచుకుని తమ తమ భాషల్లోకి రాసేవారు. 2013లో జపాన్ సంస్థ రకుటెన్ దాన్ని కొనేసింది. కొరియన్ అల అని ఇవాళ చెప్పుకునేదానికి తొలి కూలీలు ఆ అభిమానులే. యూట్యూబ్‌లోనూ ఒకప్పుడు యజమాని అనుమతించిన వీడియోలకు చూసేవాళ్లు సబ్‌టైటిల్స్ రాసిపెట్టే వీలుండేది. వాడేవాళ్లు తక్కువ, దుర్వినియోగం ఎక్కువ అంటూ 2020 సెప్టెంబర్ 28న దాన్ని తీసేశారు. వినికిడి లోపం ఉన్నవాళ్లు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ తలుపు మూయడం తప్పు అని ఇప్పటికీ అంటాను.

చెక్క తుపాకుల సినిమా

ఉగాండా రాజధాని కంపాలాలో వకలిగ అనే మురికివాడ ఉంది. ఇటుకలు చేసుకుని బతికిన ఐజాక్ నబ్వానా అక్కడ ఓ సినిమా కంపెనీ పెట్టాడు. దాన్ని అందరూ పిలిచే పేరు వకలివుడ్. పాత సామాన్లు ఏరి తనే కూర్చిన కంప్యూటర్ మీద ఎడిటింగ్, గ్రాఫిక్స్. తుపాకులు చెక్కతోనూ పాత ఇనుముతోనూ చేసినవి. నటులు వాడలోవాళ్లే. ‘హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్?’ అనే యాక్షన్ సినిమాకు అయిన ఖర్చు 200 డాలర్లని ప్రచారం. దర్శకుడు అంతకూడా కాలేదంటాడు.

2010 జనవరిలో ట్రెయిలర్‌ను యూట్యూబ్‌లో పెట్టాడు. ఎక్కడెక్కడి జనమో చూశారు. న్యూయార్క్ నుంచి ఒక సినిమా పిచ్చివాడు వెతుక్కుంటూ వచ్చి అక్కడే ఉండిపోయి, నిర్మాణంలో చేయి కలిపి తెరమీదా కనిపించాడు. 2015లో పూర్తి సినిమా యూట్యూబ్‌కెక్కింది. అదే ఏడాది తర్వాతి సినిమాకు ఆన్‌లైన్‌లో 160 డాలర్ల విరాళం అడిగితే 13 వేల పైచిలుకు వచ్చిపడింది.

కానీ నన్ను పట్టుకున్నది ఆ సినిమాలో వినిపించే మరో గొంతు. ఉగాండా వీడియో హాళ్లలో ‘వీడియో జోకర్’ (వీజే) అనే మనిషి మైకు పట్టుకుని పరభాషా చిత్రాన్ని అప్పటికప్పుడు అక్కడి లుగాండా భాషలోకి చెబుతాడు. మధ్యలో హీరోను పొగుడుతాడు, విలన్‌ను తిడతాడు, ఫైట్ రాగానే కేకలేస్తాడు. మూకీల కాలంలో జపాన్‌లో ‘బెన్షీ’లు చేసిన పనీ ఇలాంటిదే. ‘కెప్టెన్ అలెక్స్’కు వీజే ఎమ్మీ ఇంగ్లిష్‌లో అలా చెప్పాడు. కంప్యూటర్‌లో చోటు చాలక, తర్వాతి సినిమా కోసం పాత ఫైళ్లు తుడిచేయాల్సి వచ్చింది. దాంతో ఎమ్మీ గొంతు లేని మూల ప్రతి ఇప్పుడు ఎక్కడా లేదు. అనువాదకుడి గొంతుతోనే బతికి ఉన్న సినిమా అది. ఇంత చిత్రమైన రికార్డు మరొకటి నేను వినలేదు.

ఆఫ్రికాలోనే నైజీరియా ఇవాళ్టి సినిమా పరిశ్రమ కూడా ఇంట్లో చూసే వీడియో క్యాసెట్‌తో ఎదిగిందే. 1992లో ‘లివింగ్ ఇన్ బాండేజ్’ నేరుగా వీహెచ్ఎస్ మీద వచ్చింది. రెండు దశాబ్దాలకు అదే పరిశ్రమ యూట్యూబ్ ఛానళ్ల ద్వారా లండన్, న్యూయార్క్‌లలోని నైజీరియన్లను చేరింది.

పేరు మార్చుకుని ప్రయాణం

మన సినిమాలకు యూట్యూబ్‌లో అన్నిటికంటే పెద్ద దారి హిందీ డబ్బింగ్. ‘జులాయి’ అక్కడ ‘డేంజరస్ ఖిలాడీ’. ‘రేసుగుర్రం’ అక్కడ ‘మై హూఁ లక్కీ’. మనీష్ షా స్థాపించిన గోల్డ్‌మైన్స్ సంస్థ తెలుగు సినిమాల హిందీ హక్కులు కొని ముందు టీవీలో, తర్వాత యూట్యూబ్‌లో వేసింది. అల్లు అర్జున్ ‘సరైనోడు’ అలా కోట్ల వ్యూస్ తెచ్చుకుంది. ఆ వీడియోల కింద వ్యాఖ్యల్లో నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ ప్రేక్షకులు కనిపిస్తారు. ‘పుష్ప’ రాకముందే ఉత్తరాదికి ఆయన ముఖం తెలిసింది ఈ దారిలోనే.

విచిత్రం ‘జయ జానకి నాయక’ది. 2017లో బోయపాటి తీసిన ఈ చిత్రం ఇక్కడ అంతంతమాత్రం. పెన్ మూవీస్ వేసిన హిందీ డబ్బింగ్ ‘ఖూంఖార్’ మాత్రం యూట్యూబ్‌లో 70 కోట్ల వ్యూస్ దాటింది. ఆ ఊపుతోనే అందులో హీరో బెల్లంకొండ శ్రీనివాస్‌తో ‘ఛత్రపతి’ని హిందీలో మళ్లీ తీసి 2023 మేలో హాళ్లలో వదిలారు. నడవలేదు. ఉచితంగా చూసే ప్రేక్షకుడు వేరు, కొని చూసే ప్రేక్షకుడు వేరు. వ్యూస్‌ను టికెట్లుగా లెక్కపెట్టుకునే నిర్మాతలు ఈ ఒక్క ఉదాహరణ మరిచిపోకుండా ఉంటే చాలు.

ఇక హక్కులూ గిక్కులూ లేని దారి. ‘3 ఇడియట్స్’ 2011 చివర్లో చైనా హాళ్లకు చేరేసరికే అక్కడి కుర్రకారు దాన్ని ఆన్‌లైన్‌లో చైనీస్ సబ్‌టైటిల్స్‌తో చూసేశారు. ఆమిర్‌ఖాన్‌కు అక్కడ పేరొచ్చింది అలాగే. 2017లో ‘దంగల్’ చైనాలో వంద కోట్ల యువాన్లు దాటిందంటే ఆ పునాది పనికొచ్చింది. పైరసీని నేను సమర్థించను. చట్టబద్ధమైన దారి తెరవని చోట జనం గోడ దూకుతారన్నది మాత్రం నిజం.

వీడియో కాని దారి: జపాన్

పోల్చుకోవడానికి పాత దారి ఒకటి. 1996లో జున్ ఎడోకి అనే జపాన్ సినీ విమర్శకుడు సింగపూర్‌లో రజనీకాంత్ ‘ముత్తు’ చూసి ముచ్చటపడ్డాడు. 1998లో అది టోక్యోలో విడుదలై 23 వారాలు ఆడింది. ఒక మనిషి, ఒక సెలవు, ఒక హాలు, అంతమీద ఆధారపడిన అదృష్టం అది. జపాన్‌లో భారతీయ సినిమా వసూళ్లలో ‘ముత్తు’ రికార్డును 24 ఏళ్ల తర్వాత ‘ఆర్‌ఆర్‌ఆర్’ దాటింది. జపాన్‌లో 2022 అక్టోబర్ 21న విడుదలై ఏడాదికి పైగా హాళ్లలో ఉంది. 2023 జులైలో జపనీస్ డబ్బింగ్ వచ్చింది. 2024 జనవరిలో ఆడవాళ్లే అన్ని పాత్రలూ వేసే తకరాజుకా నాటక బృందం దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. అల్లూరి, కొమురం భీమ్ పేర్లు పెట్టుకున్న ఆ పాత్రలను జపాన్ యువతులు ఆడి పాడారు.

మనం చేయగలిగింది

2020లో ‘ఆహా’ వచ్చాక తెలుగుకంటూ ఓ ఓటీటీ ఉంది. 2024 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చిన ‘లక్కీ భాస్కర్’ తెలుగు ఆడియోతో సహా వచ్చి వారాల తరబడి టాప్ 10 జాబితాలో నిలిచింది. కొత్త సినిమాల సంగతి మెరుగుపడుతోంది. హక్కులు అమ్మేటప్పుడు నిర్మాతలు ఒక్క షరతు పెట్టాలి: ఏ దేశంలో, ఏ వేదికలో పెట్టినా తెలుగు ఆడియో వెంట ఉండాలి. సబ్‌టైటిల్స్‌ను విడుదలకు ముందురోజు హడావిడిగా కాకుండా, రెండు భాషలూ వచ్చినవాళ్లతో, తగిన పారితోషికం ఇచ్చి రాయించాలి. పోస్టర్ మీద కాకపోయినా టైటిల్స్‌లో వాళ్ల పేరుండాలి.

నా బాధంతా పాతవాటి గురించి. విజయా, వాహినీ, అన్నపూర్ణా సంస్థల సినిమాలెన్నో యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేవు. డాలస్‌లో పుట్టిన మన మనవడికే అవి అర్థం కానప్పుడు, బ్రెజిల్ కుర్రాడికి ఎలా అందుతాయి? మిగతా పనులతో పోలిస్తే ఇది చవక పని. సబ్‌టైటిల్ ఫైల్ అంటే మాటలూ టైమూ రాసిన మామూలు టెక్స్ట్ ఫైలే. అభిమానులు నేరుగా రాసే వీలు పోయినా, ఛానల్ యజమాని తాను నమ్మినవాళ్లకు సబ్‌టైటిల్ ఎడిటర్‌గా అనుమతి ఇచ్చే వీలు యూట్యూబ్‌లో ఇప్పుడూ ఉంది. విదేశాల్లోని తెలుగు సంఘాల్లో, ఇక్కడి ఇంగ్లిష్ విభాగాల్లో రెండు భాషలూ బాగా వచ్చిన యువత ఉంది. పాత సినిమాల హక్కులున్న ఛానళ్లవాళ్లు వాళ్లను పిలవండి, ఆ అనుమతి ఇవ్వండి. ముందు ఒక్క సినిమాతో మొదలుపెట్టండి.